కరెంటు పోయేసరికి ఏం చేస్తున్నారు? ఇంగ్లిష్ పాస్ట్ కంటిన్యుయస్‌ను సరిగ్గా వాడే పద్ధతి

"నిన్న నేను వెళ్లేసరికి ఆయన నిద్రపోతున్నారు." ఈ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో చెప్పండి.

సాయంత్రం తరగతికి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదటి రోజు ఇచ్చే వాక్యం ఇదే. చాలామంది "వెన్ ఐ వెంట్, హి ఈజ్ స్లీపింగ్" అంటారు. వాళ్లకు వ్యాకరణం రాదనుకోకండి. వాజ్, వర్ పట్టిక అడిగితే గడగడా ఒప్పజెబుతారు. చిక్కంతా మన తెలుగు క్రియలో ఉంది. "నిద్రపోతున్నారు" అనే ఒకే మాటను మనం ఇప్పటి సంగతికీ వాడతాం, నిన్నటి సంగతికీ వాడతాం. కాలం ఏదో "నిన్న", "వెళ్లేసరికి" అనే మాటలే చెప్పేస్తాయి కాబట్టి క్రియకు ఆ పని ఉండదు. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియే చేయాలి.

అందుకే పట్టికను పక్కన పెట్టి, ముందు తెలుగు వాక్యాన్ని చూసి గుర్తుపట్టడం నేర్చుకుందాం. ఇంగ్లిష్ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పైకి చదివి, నోటుపుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవలసినవి:

- ఒక నోటుపుస్తకం. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లిష్ వాక్యం.
- మాట రికార్డు చేసే ఫోను.
- రోజుకు 20 నిమిషాలు, వరుసగా పది రోజులు.
- సింపుల్ పాస్ట్ మీద కాస్త పట్టు. వెంట్, కేమ్, సా, ఫెల్, బ్రోక్ లాంటి క్రియలు ఓ నలభై తడుముకోకుండా రావాలి.

చివరిది లేకపోతే ముందు దాని సంగతి చూసుకుని రండి. పాస్ట్ కంటిన్యుయస్ ఒంటరిగా తిరిగేది తక్కువ. దాని పక్కన ఎప్పుడూ ఒక సింపుల్ పాస్ట్ ఉంటుంది, లేదా ఉన్నట్టు అర్థమవుతూ ఉంటుంది.

2. కరెంటు పోయిన క్షణాన్ని పట్టుకోండి

నిన్న రాత్రి 8 గంటల 10 నిమిషాలకు కరెంటు పోయిందనుకుందాం. ఆ క్షణంలో అమ్మ చపాతీలు ఒత్తుతోంది. నాన్నగారు వార్తలు చూస్తున్నారు. చెల్లి లెక్కలు చేసుకుంటోంది. పక్కింటివాళ్లు గొడవపడుతున్నారు.

కాగితం మీద ఒక అడ్డగీత గీసి, మధ్యలో నిలువుగా ఒక చిన్న గీత పెట్టండి. ఆ చిన్న గీతే కరెంటు పోవడం. పైన చెప్పిన పనులన్నీ దానికి ముందే మొదలయ్యాయి, ఆ క్షణానికి ఇంకా ముగియలేదు. ఇలాంటి పనులకే పాస్ట్ కంటిన్యుయస్.

- మై మదర్ వాజ్ మేకింగ్ చపాతీస్.
- మై ఫాదర్ వాజ్ వాచింగ్ ద న్యూస్.
- అవర్ నైబర్స్ వర్ ఫైటింగ్.

పని ఎంతసేపు సాగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "నిన్న మూడు గంటలు సినిమా చూశాను" అన్నప్పుడు ఎక్కువసేపు సాగిన పని కదా అని "ఐ వాజ్ వాచింగ్" అంటారు. సినిమా అయిపోయింది, లెక్క మూడు గంటలని తేలిపోయింది. కాబట్టి "ఐ వాచ్డ్ ఎ ఫిల్మ్ ఫర్ త్రీ అవర్స్" అనడమే సహజం.

నా మొదటి ఇంటర్వ్యూలో నేను చేసిన తప్పూ ఇదే. పాత ఉద్యోగం గురించి అడిగితే "ఐ వాజ్ వర్కింగ్ దేర్ ఫర్ వన్ ఇయర్" అన్నాను. ఎదురుగా ఉన్నాయన కళ్లజోడు పైకి తోసుకుని, "అయితే తర్వాత ఏమైంది?" అన్నారు. ఏమీ కాలేదు, ఏడాది చేసి మానేశాను, అంతే. నా వాక్యం మాత్రం మధ్యలో ఏదో జరిగినట్టు ఆయనకు వినిపించింది. "ఐ వర్క్డ్ దేర్ ఫర్ వన్ ఇయర్" అని ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

అనుమానం వచ్చిన ప్రతిసారీ మీ తెలుగు వాక్యం ముందు "కరెంటు పోయేసరికి" అని చేర్చి చూడండి. "కరెంటు పోయేసరికి చెల్లి లెక్కలు చేసుకుంటోంది" చక్కగా అతికింది. "కరెంటు పోయేసరికి మూడు గంటలు సినిమా చూశాను" అతకలేదు. దీన్ని ఇకపై కరెంటు పరీక్ష అందాం.

3. వాజ్ ఎవరికి, వర్ ఎవరికి

ఐ, హి, షి, ఇట్ అన్నవాటికి వాజ్. వుయ్, యు, దే అన్నవాటికి వర్. యు అన్నది ఒక్కరైనా పదిమందైనా వర్ తప్పదు.

మనకు ప్రత్యేకమైన చిక్కు గౌరవ వాచకం. "నాన్నగారు చూస్తున్నారు" అన్నప్పుడు క్రియ బహువచనంలో ఉంటుంది. ఆ ఊపులో "మై ఫాదర్ వర్ వాచింగ్" అనేస్తాం. ఇంకొందరు నాన్నగారిని ఏకంగా "దే" చేస్తారు. ఇంగ్లిష్‌లో నాన్నగారూ హి, కలెక్టరుగారూ హి. మనసుకు కాస్త కష్టంగా ఉన్నా వాజ్ అనే అనాలి.

4. క్రియకు ఐఎన్‌జి చేర్చడం

పలకడానికి ఇబ్బంది లేదు, రాయడంలోనే నాలుగు సంగతులు:

- చివర పలకని ఇ ఉంటే అది పోతుంది: రైట్, రైటింగ్; మేక్, మేకింగ్.
- పొట్టి క్రియ చివర ఒక అచ్చు, ఒక హల్లు ఉంటే హల్లు రెండుసార్లు రాయాలి: రన్, సిట్, కట్. డబ్ల్యు, ఎక్స్, వై మాత్రం రెట్టింపు కావు.
- ఓపెన్, విజిట్ లాంటివాటిలో ఊనిక మొదటి భాగం మీద ఉంటుంది కాబట్టి రెట్టింపు లేదు. బిగిన్‌లో ఊనిక చివర ఉంది కాబట్టి ఉంది.
- లై, డై, టై: చివర ఉన్న ఐఇ రెండూ పోయి వై వస్తుంది.

5. తెలుగు వాక్యంలో వెతకవలసిన గుర్తులు

ఈ భాగం మీద రెండు రోజులు కూర్చోండి. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

*"తున్నాడు" పక్కన గతాన్ని చెప్పే మాట.* "నిన్న", "అప్పుడు", "వెళ్లేసరికి", "వచ్చినప్పుడు" లాంటిది వాక్యంలో ఉందా? ఉంటే ఈజ్ తీసేసి వాజ్ పెట్టండి. వాక్యంలో లేకపోతే ముందు వాక్యంలో వెతకండి. కథ చెబుతున్నప్పుడు మనం "నిన్న" అని ఒకసారి అని, తర్వాత పది వాక్యాలు "వస్తున్నాడు, చూస్తున్నాడు" అని సాగిస్తాం. ఇంగ్లిష్‌లో ఆ పదింటికీ వాజ్ కావాలి.

*"తుండగా".* "రోడ్డు దాటుతుండగా ఫోను మోగింది." ఇది తిరుగులేని గుర్తు: "ఐ వాజ్ క్రాసింగ్ ద రోడ్ వెన్ మై ఫోన్ ర్యాంగ్." మన వాక్యంలో కర్త కనబడదు, ఇంగ్లిష్‌లో ఐ పెట్టడం మరచిపోకండి.

*"కూర్చుని ఉన్నాడు".* పుస్తకాల్లో దీని గురించి చెప్పగా నేను చూడలేదు కానీ, తరగతిలో రోజూ ఎదురయ్యేది ఇదే. కూర్చోవడం, నిలబడటం, పడుకోవడం, పట్టుకోవడం, వేసుకోవడం లాంటి పనులకు మనం "తున్నాడు" వాడం. "మూలన కూర్చుని ఉన్నాడు", "తలుపు దగ్గర నిలబడి ఉంది", "చేతిలో గొడుగు పట్టుకుని ఉంది", "నీలం చొక్కా వేసుకున్నాడు" అంటాం. "తున్నాడు" లేదు కదా అని ఇంగ్లిష్‌లో ఐఎన్‌జి వదిలేస్తాం. ఇంగ్లిష్ మాత్రం ఇక్కడ పాస్ట్ కంటిన్యుయస్సే అడుగుతుంది:

- హి వాజ్ సిట్టింగ్ ఇన్ ద కార్నర్.
- షి వాజ్ హోల్డింగ్ యాన్ అంబ్రెల్లా.
- హి వాజ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్.

ఒంటి మీద చొక్కా ఉంటే వాజ్ వేరింగ్. గుండీలు పెట్టుకుంటూ ఇంకా వేసుకుంటున్నాడంటే వాజ్ పుటింగ్ ఆన్.

*"చూడటం లేదు", "చూడలేదు".* ఈ రెండింటి తేడా తెలిస్తే వ్యతిరేక వాక్యాలు వచ్చేసినట్టే. "కరెంటు పోయేసరికి నేను టీవీ చూడటం లేదు" అంటే "ఐ వాజ్ నాట్ వాచింగ్ టీవీ". "నిన్న టీవీ చూడలేదు" అంటే "ఐ డిడ్ నాట్ వాచ్ టీవీ". రెండూ కలిపి "ఐ వాజ్ నాట్ వాచ్" అని కషాయం చేయకండి.

*కర్త లేని "వేస్తున్నారు".* "అప్పుడు మా వీధిలో రోడ్డు వేస్తున్నారు." ఎవరు వేస్తున్నారో మనకు పట్టదు. ఇంగ్లిష్‌లో రోడ్డును కర్తగా పెట్టి వాజ్ తర్వాత బీయింగ్ చేర్చాలి: "ద రోడ్ వాజ్ బీయింగ్ లెయిడ్." ఇల్లు కడుతున్నారు, బండి బాగుచేస్తున్నారు, పేర్లు పిలుస్తున్నారు అన్నవన్నీ ఈ దారిలోవే. బీయింగ్ తర్వాత వచ్చేది క్రియ మూడో రూపం: బిల్ట్, రిపేర్డ్, కాల్డ్.

6. వెన్ ఎక్కడ, వైల్ ఎక్కడ

సాగుతున్న పని ముందు వైల్, మధ్యలో తెగినట్టు వచ్చిపడిన పని ముందు వెన్.

- వైల్ ఐ వాజ్ కుకింగ్, ద పవర్ వెంట్.
- ఐ వాజ్ కుకింగ్ వెన్ ద పవర్ వెంట్.

రెంటికీ అర్థం ఒకటే. రెండు పనులూ పక్కపక్కనే సాగుతుంటే వైల్ పెట్టి రెండింటికీ ఐఎన్‌జి: "వైల్ ఐ వాజ్ కుకింగ్, షి వాజ్ కటింగ్ వెజిటబుల్స్."

ఇప్పుడు ఈ జంట చూడండి.

- వెన్ మై బ్రదర్ కేమ్, ఐ వాజ్ కుకింగ్.
- వెన్ మై బ్రదర్ కేమ్, ఐ కుక్డ్.

మొదటి దాంట్లో అన్నయ్య వచ్చేసరికి పొయ్యి మీద కూర ఉంది. రెండో దాంట్లో అన్నయ్య వచ్చాక పొయ్యి వెలిగించాను. ఒక్క క్రియా రూపం మారితే అన్నయ్య ఎంతసేపు ఆకలితో కూర్చోవాలో మారిపోయింది.

7. ప్రశ్నలు అడగడం

తెలుగులో మాటల వరుస మార్చకుండానే ప్రశ్న అవుతుంది. అందుకే "వాట్ యు వర్ డూయింగ్?" అని నోటికి వస్తుంది. వాజ్ లేదా వర్‌ను కర్తకు ముందుకు తేవాలి:

- వర్ యు స్లీపింగ్?
- వాట్ వర్ యు డూయింగ్?
- వేర్ వాజ్ షి గోయింగ్?

జవాబు పొట్టిగా "యెస్, ఐ వాజ్" లేదా "నో, ఐ వాజంట్" చాలు. డిడ్‌కు ఇక్కడ చోటు లేదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. వర్ అనడానికి బదులు వేర్ అంటే ఎదుటివాళ్లకు "ఎక్కడ" అని వినిపిస్తుంది. "వేర్ యు స్లీపింగ్?" అంటే వాళ్లు మంచం చూపించినా తప్పులేదు. వాజ్ చివర ధ్వని స్ కాదు, జ్. వేగంగా మాట్లాడేటప్పుడు అది పొట్టిగా "వజ్" అవుతుంది.

8. వాడకూడని నాలుగు చోట్లు

*"వెళ్లేవాడిని", "తాగేవాళ్లం".* ఒకప్పటి అలవాటుకు యూజ్డ్ టు. "చదువుకునే రోజుల్లో రోజూ నడిచి వెళ్లేవాడిని" అంటే "ఐ యూజ్డ్ టు వాక్ టు కాలేజ్". కరెంటు పరీక్ష పెట్టండి: "కరెంటు పోయేసరికి రోజూ నడిచి వెళ్లేవాడిని" అర్థం లేని వాక్యం. "నేను వెళ్లినప్పుడల్లా ఆయన చదువుతూ ఉండేవారు" అన్నది మాత్రం వేరు. వెళ్లిన ప్రతిసారీ పని మధ్యలోనే ఉన్నారు కాబట్టి "వెనెవర్ ఐ వెంట్, హి వాజ్ రీడింగ్" సరైనదే.

*"ఉండేది", "తెలుసు", "కావాలి".* "నాకు బండి ఉండేది" అంటే "ఐ హ్యాడ్ ఎ బైక్". ఐ వాజ్ హ్యావింగ్ కాదు. భోజనం చేస్తున్నానంటే మాత్రం "ఐ వాజ్ హ్యావింగ్ లంచ్" అనవచ్చు, అక్కడ అది తినడం. "నాకు అప్పటికే తెలుసు" అంటే "ఐ ఆల్రెడీ న్యూ". ఐ వాజ్ నోయింగ్ అన్న వాక్యం లేదు.

*"కనిపించడం లేదు", "వినిపిస్తోంది", "అర్థం కావడం లేదు".* కరెంటు పరీక్ష మోసపోయేది ఇక్కడే. "కరెంటు పోయేసరికి ఏమీ కనిపించడం లేదు" తెలుగులో చక్కగా ఉంది, కానీ "ఐ వాజ్ నాట్ సీయింగ్ ఎనీథింగ్" అనకూడదు. చూపు, వినికిడి, అర్థం కావడం లాంటివాటికి ఇంగ్లిష్‌లో కుడ్ సాయం వస్తుంది: "ఐ కుడంట్ సీ ఎనీథింగ్", "ఐ కుడ్ హియర్ వాయిసెస్", "ఐ కుడంట్ అండర్‌స్టాండ్". ఈ మూడింటినీ నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి.

*"గంట నుంచి", "రెండు గంటలుగా".* "వాడు వచ్చేసరికి గంట నుంచి ఎదురుచూస్తున్నాను." ఎప్పటి నుంచో కూడా చెప్పారు కాబట్టి వాజ్ చాలదు. హ్యాడ్ బీన్ కావాలి: "ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ యాన్ అవర్ వెన్ హి కేమ్." "నుంచి" కనబడగానే ఒక్క క్షణం ఆగండి.

9. నిజంగా అవసరపడే సందర్భాలు

ప్రమాదం జరిగి బీమాకో పోలీసులకో ఇంగ్లిష్‌లో రాసివ్వవలసి వచ్చినప్పుడు ఈ కాలం విలువ తెలుస్తుంది. ముందు మీరేం చేస్తున్నారో, తర్వాత ఏం జరిగిందో ఆ వరుసలోనే రాయండి: "ఐ వాజ్ రైడింగ్ ఆన్ ద లెఫ్ట్. ఐ వాజ్ వేరింగ్ ఎ హెల్మెట్. ఎ కార్ కేమ్ ఫ్రమ్ బిహైండ్ అండ్ హిట్ మై బైక్." సాగుతున్నవి రెండు, జరిగినవి రెండు. "ఎ కార్ వాజ్ హిటింగ్ మై బైక్" అని రాస్తే కారు మీ బండిని అదే పనిగా గుద్దుతూనే ఉన్నట్టు అవుతుంది.

ఇంటర్వ్యూలో చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఖాళీ గురించి అడుగుతారు. "2022లో గ్రూప్ 2కు చదువుతున్నాను" అని చెప్పాలంటే "ఇన్ 2022 ఐ వాజ్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్ టూ".

చేద్దామనుకుని చేయలేకపోయిన పనికి వాజ్ గోయింగ్ టు. "మీకే ఫోను చేయబోతున్నాను, ఇంతలో మీరే చేశారు" అంటే "ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు".

పై అధికారిని మొహమాటంగా అడగాలంటే "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ లీవ్ ఎర్లీ" అంటారు. అడుగుతున్నది ఇప్పుడే అయినా, కాలాన్ని వెనక్కి నెట్టడం వల్ల మాటకు మెత్తదనం వస్తుంది. మనం "ఒక మాట అడుగుదామని వచ్చానండీ" అన్నట్టే.

10. పంపే ముందు సరిచూసుకోండి

- వాజ్ లేదా వర్ ఉందా? ఐఎన్‌జి ఉందా? రెండూ ఉండాలి.
- వాజ్ వెంట్, వాజ్ కేమ్ అని రాశారా? కొట్టేయండి.
- గౌరవం కోసం వర్ పెట్టారా? వాజ్ చేయండి.
- కర్తను మరచిపోయారా?
- "నుంచి" ఉందా? హ్యాడ్ బీన్.
- "రోజూ" ఉందా? యూజ్డ్ టు.
- అన్ని వాక్యాల్లోనూ ఐఎన్‌జి ఉందా? అయితే అందులో కొన్నయినా సింపుల్ పాస్ట్ కావలసినవే.

11. పది రోజుల అభ్యాసం

1 నుంచి 3వ రోజు: ఇంట్లో కరెంటు పోయినా, కాలింగ్ బెల్ మోగినా, ఆ క్షణంలో ఎవరెవరు ఏం చేస్తున్నారో ఐదు వాక్యాలు రాయండి.

4 నుంచి 6వ రోజు: పాత ఫొటో ఒకటి తీసుకోండి. అందులో ఎవరు నిలబడి ఉన్నారు, ఏం వేసుకున్నారు, ఎటు చూస్తున్నారు? ఐదో భాగంలోని "కూర్చుని ఉన్నాడు" గుర్తుకు ఇంతకు మించిన సాధన లేదు.

7 నుంచి 9వ రోజు: నిన్న జరిగిన ఒక సంఘటనను రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి, ఎన్ని చోట్ల వాజ్ బదులు ఈజ్ దొర్లిందో లెక్కపెట్టండి. మర్నాడు అదే సంఘటనను మళ్లీ చెప్పండి.

10వ రోజు: కింది తొమ్మిది వాక్యాలను జవాబులు చూడకుండా ఇంగ్లిష్‌లో రాయండి.

నేను బస్టాండుకు వెళ్లేసరికి వాన పడుతోంది. ఒక ముసలాయన బల్ల మీద కూర్చుని ఉన్నారు. నీలం చొక్కా వేసుకున్నారు. ఒకప్పుడు రోజూ అక్కడే టీ తాగేవారు. నన్ను చూసి నవ్వారు. అప్పటికి గంట నుంచి బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. ప్లాట్‌ఫారం బాగుచేస్తున్నారు. ఆ చప్పుడులో కండక్టరు మాట నాకు వినిపించడం లేదు. మేం మాట్లాడుకుంటుండగా బస్సు వచ్చింది.

జవాబులు:

1. వెన్ ఐ గాట్ టు ద బస్ స్టాండ్, ఇట్ వాజ్ రెయినింగ్.
2. యాన్ ఓల్డ్ మ్యాన్ వాజ్ సిట్టింగ్ ఆన్ ఎ బెంచ్.
3. హి వాజ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్.
4. హి యూజ్డ్ టు డ్రింక్ టీ దేర్ ఎవ్రీ డే.
5. హి సా మీ అండ్ స్మైల్డ్.
6. హి హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ ద బస్ ఫర్ యాన్ అవర్.
7. ద ప్లాట్‌ఫామ్ వాజ్ బీయింగ్ రిపేర్డ్.
8. ఐ కుడంట్ హియర్ ద కండక్టర్ ఓవర్ ద నాయిస్.
9. వైల్ వుయ్ వర్ టాకింగ్, ద బస్ కేమ్.

తొమ్మిదింటిలో పాస్ట్ కంటిన్యుయస్ ఉన్నవి ఐదే: 1, 2, 3, 7, 9. మూడో వాక్యం తప్పితే ఐదో భాగానికి, ఆరో ఎనిమిదో తప్పితే ఎనిమిదో భాగానికి వెనక్కి వెళ్లండి. ఏడోది తప్పితే ఈ వారం మీ ఊళ్లో ఎక్కడైనా తవ్వుతున్న రోడ్డు పక్కన ఐదు నిమిషాలు నిలబడి, కనబడిన పనులన్నిటినీ బీయింగ్‌తో చెప్పుకోండి.